మంచిగుందంటే నమ్మని యాదగిరన్న

సైకిల్ షాపు ముందు నుంచి పోతూ కొత్త రబ్బరు, గ్రీజు కలిసిన వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ వాసనతోపాటే యాదగిరన్న గుర్తొస్తాడు. బచ్చన్నపేటలో చెరువు కట్ట దిగగానే ఆయన మరమ్మతు షాపు ఉండేది. అంతగా విసిగించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు బంద్. నేను అక్కడ నర్సమ్మను. బుధవారం వచ్చిందంటే టీకాల డబ్బా పట్టుకుని ఊళ్లకు పోవాలి, అందులోని ఐసు కరిగేలోపు పిల్లలకు సూదులు వెయ్యాలి. జనగామ నుంచి తమ్ముడి గేర్ల సైకిల్ తెప్పించుకున్నాను. నావేమో చిన్నపిల్లల చేతుల్లాంటి చేతులు. గేరు మార్చాలంటే హ్యాండిల్ పిడిని గట్టిగా మెలితిప్పాలి. చెమట పట్టిన చేతికి అది తిరిగేది కాదు. ఒక బుధవారం ఎత్తు ఎక్కలేక సైకిల్ దిగి తోసుకుంటూ పోయాను. చేరేసరికి ఐసంతా కరిగి డబ్బా వెచ్చబడింది. పదకొండు మంది తల్లులను ఉత్త చేతులతో తిప్పి పంపాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాడు యాదగిరన్న దగ్గరికి పోయి, "గేరు తిరుగుతలేదు. నా చేతులే చిన్నగున్నయన్నా" అన్నాను.

"అయితే చేతులు కోసి కొత్తయి పెట్టాల్నా ఏంది? సైకిల్‌ను మార్చాలె గని" అని కసిరాడు.

మెలితిప్పే పిడి పీకేసి, బొటనవేలితో నెట్టే చిన్న మీట బిగించాడు. "ఎట్లుంది?" అన్నాడు. నొక్కి, "మంచిగుందన్నా" అన్నాను. నా ముందే విప్పేశాడు! "చూడకుండనే చెప్తున్నవ్ చెల్లె. గా కట్ట మీదికి తొక్కి రాపో."

తొక్కి వచ్చి బాగుందన్నాను. మళ్లీ విప్పాడు. నాలుగైదు రోజులు ఇదే తంతు. ఒకరోజు చేతులకు సబ్బు రాసుకుని నొక్కమన్నాడు. ఇంకోరోజు వెనక ఇటుకలు కట్టి తొక్కమన్నాడు. అవతల బుధవారం ముంచుకొస్తోంది. నిజానికి ఆ మీట అందాలంటే నా వేళ్లు బ్రేకు వదలాల్సి వచ్చేది. కానీ అంత కష్టపడుతున్న మనిషి ముఖం మీద బాగా లేదని ఎలా అనను? పెట్టింది తిని బాగుందనడమే మా ఇంట్లో ఆడపిల్లలకు నేర్పారు.

మంగళవారం నా ఓపిక చచ్చింది. "అందుతలేదన్నా! గేరు నొక్కితే బ్రేకు ఇడుస్తున్న. కట్ట దిగేటప్పుడు పడి సస్త!" అని అరిచాను.

"గీ ముచ్చట తొలినాడే చెప్తే ఏం పోయింది?" అంటూ స్క్రూ వదులు చేసి, మీటను, బ్రేకును పిడికి దగ్గరగా జరిపాడు. రెండు నిమిషాల పని! నాకు ఒళ్లు మండిపోయింది.

"గింతేనా? ముందే ఎందుకు చెయ్యలే?"

"నీ ఏలు ఎక్కడిదాంక అందుతదో నాకెట్ల ఎరుక? చెయ్యి నీది. నువ్వే చెప్పాలె."

మరునాడు ఐసు గడ్డగా ఉండగానే ఊరు చేరాను. పదకొండు మంది పిల్లలూ సూదులకు ఊరంతా వినబడేలా ఏడ్చారు. ఏడుపు అంత హాయిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నన్నెవరైనా "బాగుందా?" అని అడిగితే వెంటనే జవాబు రాదు. చెప్పులైతే నాలుగడుగులు నడుస్తాను, కూరైతే రెండో ముద్ద తింటాను. అప్పుడు బాగా లేకపోతే బాగా లేదనే అంటాను. మా ఇంట్లోవాళ్లు తల పట్టుకుంటారు. పట్టుకోనీ.