ఆగిపోవాలని పట్టుబట్టిన భాయ్

మా భాయ్ పోయారు. సెలవు మీద నెల్లూరు వెళ్లిన మనిషి. అబుదాబి దగ్గర మఫ్రఖ్‌లో ఉండే ఆయన తమ్ముడు శుక్రవారం అల్ ఐన్‌లో మా ఇంటికే వచ్చి, "గుండెపోటన్నా, ఆస్పత్రికి తీసకపొయ్యేలోపే అయిపొయ్యింది" అన్నాడు. నా భార్య మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికెళ్లి ఏడ్చింది. ఇక్కడొక ఆస్పత్రి కంప్యూటర్ సెక్షన్‌లో నాకు పని నేర్పిన సీనియర్ ఆయన. నేర్పినదాంట్లో సగం భయమే.

ప్రోగ్రాం నడపడానికి ఎంటర్ నొక్కగానే రెండు చేతులూ కీబోర్డు మీంచి ఎత్తేసేవారు, పెనం తగిలినట్టు. నేను నవ్వితే, "నవ్వబాక అబ్బయ్యా. తప్పు మనది, మంచం మీద ఉండేది ఇంకోళ్లు" అనేవారు. చాయ్‌లో ముంచిన బిస్కెట్టు విరిగిపడితే మాత్రం చిన్నపిల్లాడిలా గొడవ చేసేవారు. అంత భయస్థుడు మా ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, ఎదురు చెబుతారని నేను కలలో కూడా అనుకోలేదు.

2005లో అనుకుంటా, మా ప్రోగ్రాములు రాసిన భాషకి కొత్త వెర్షన్ వచ్చింది. పాతది మొహమాటస్థురాలు. కావాల్సిన ఫైలు తెరుచుకోకపోయినా ఓ చిన్న హెచ్చరిక గొణిగి ముందుకెళ్లిపోయేది. కొత్తది అక్కడికక్కడే ఆగి, ఏం దొరకలేదో ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. పరీక్షగా నడిపితే, రోగికి పడని మందులు చూపించే పేజీ దగ్గర ఆగింది. భాయ్ ఆ లైను చదివి బిక్కచచ్చిపోయారు. ఫైలు అందనప్పుడల్లా ఆ పేజీ ఇన్నాళ్లూ "పడని మందులు లేవు" అని చూపించేది. ఆ హెచ్చరిక కూడా కనబడకుండా నోరు మూసే గుర్తు అక్కడ పెట్టింది ఆయనే. ఎప్పుడో పై అధికారులకి ప్రోగ్రాం చూపించాల్సిన రోజున, తెర శుభ్రంగా ఉండాలని. మా వృత్తిలో అందరం చేసే పనే.

"ఎంతమందికి అట్టా చూపించిందో" అన్నారు. అది తెలుసుకునే దారే లేదు.

కొత్తది ఆగిన చోటల్లా ఆగనివ్వాలని భాయ్ అంటే ముదీర్ ఒప్పుకోలేదు. ఆయన మాటా తీసిపారేసేది కాదు. "పాత ప్రోగ్రాములన్నీ ఆగితే వార్డులే ఆగిపోతాయి. కొత్తది పెట్టండి, కానీ పాత పద్ధతిలోనే నడవాలి, ఖలాస్."

భాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మిగతావన్నీ అట్టే పోనీయండి సార్, నిదానంగా బాగుచేస్తా. ఈ ఒక్క పేజీ ఆగాల. కాదంటే నా వీసా క్యాన్సిల్ చేయండి."

గల్ఫ్ బతుకులో ఆ మాట ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. ముదీర్ సరే అని, వార్డుల నుంచి వచ్చే ఫోన్లన్నీ నువ్వే ఎత్తాలన్నాడు. భాయ్ ఎత్తారు. తిట్లన్నీ తిన్నారు. "ఆగితే పేషెంట్‌నే అడగండమ్మా" అని అందర్నీ బతిమాలారు.

అప్పుడే నా భార్యని పురిటికి అదే ఆస్పత్రిలో చేర్చాను. ఆమెకి పడని మందు పేరు చేర్చేటప్పుడే రాయించాను, ఇక దిగుల్లేదనుకున్నాను. వార్డులో ఉన్న భీమవరం నుంచి వచ్చిన సిస్టర్ ఇంజెక్షన్ సిద్ధం చేసుకుని కంప్యూటర్ చూసింది. ఎర్ర అక్షరాలు. విసురుగా ఫోన్ తీసింది. "భాయ్ గారూ, మళ్లీ ఆగిపోయిందండీ! ఇలాగైతే మేం పనెలా చేసుకోవాలండీ?" అవతల ఆయన ఏదో అన్నారు. ఆమె రిసీవర్ పట్టుకునే మంచం వైపు తిరిగి, "నీకు పడని మందులేమన్నా ఉన్నాయా అమ్మా?" అంది.

నొప్పుల మధ్య నా భార్య, "పెన్సిలిన్" అంది.

సిస్టర్ ట్రేలోని సిరంజి వైపు చూసింది. ఆమె మొహం పాలిపోవడం చూసి నాకు అర్థమైంది. రిసీవర్ బల్ల మీద పెట్టేసి, రెండు చేతులతో ఆ ట్రే పట్టుకుని దూరంగా తీసుకెళ్లిపోయింది. బల్ల మీది రిసీవర్‌లోంచి భాయ్ గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది: "ఏమందమ్మా? ఆ బిడ్డ ఏమందీ?"