‘పాలిటీ’ అని అట్టేసిన నవల

మెస్ నోటీసు బోర్డు మీద ఇలాంటివి అంటించకూడదని తెలుసు. కానీ ఈ రోజు జరిగింది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

సివిల్స్ ప్రిలిమ్స్‌కి ఇంకా పదమూడు రోజులే ఉన్నాయి. నాకిది ఆఖరి ప్రయత్నం. అయినా నెల రోజులుగా, టీవీలో వచ్చే అంతరిక్ష సీరియల్ ఆధారంగా రాసిన ఇంగ్లీషు నవలలు ఒకదాని తర్వాత ఒకటి చదువుతున్నాను. మానలేకపోతున్నాను. ఢిల్లీ వచ్చి బేర్ సరాయ్‌లో చదివే అందరిలాగే నేనూ పుస్తకాలకి న్యూస్‌పేపర్ అట్టలేస్తాను. నవలకీ వేసి, పైన రాజ్యాంగం సబ్జెక్టు పేరు, ‘పాలిటీ’ అని రాశాను.

నన్ను దారిలో పెడతాడని నమ్ముకున్న ఒకే ఒక్క మనిషి మా రూమ్మేట్ నాగిరెడ్డన్న. ఆయనదీ ఆఖరి ప్రయత్నమే. టీ కొట్టుకి కూడా పుస్తకంతోనే వస్తాడు. పొద్దున తన పాలిటీ అనుకుని నాది పట్టుకుని లైబ్రరీకి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా ఆయన తిట్ల కోసం కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆ తిట్లు నాకు కావాలి.

వచ్చాడు. పుస్తకం నా మంచం మీద పెట్టాడు.

“ఆ కెప్టెన్ బతుకుతాడా?” అన్నాడు.

“నేనింకా సగంలోనే ఉన్నానన్నా.”

“ఇందులో తేల్చలేదప్పా. రెండో భాగం యాడ దొరుకుతాది?”

ఇక మా గదిలో నమ్ముకోవడానికి ఎవరూ మిగల్లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఆ రెండో భాగం ఉంటే పరీక్ష అయ్యేదాకా చెప్పకండి. ఆయన అడిగినా చెప్పకండి. నేను కాళ్లు పట్టుకున్నా చెప్పకండి.