పాస్ మీద వచ్చిన బియ్యం

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో తడిసి ఆరిన గోనె వాసన వచ్చింది. నాలుగో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఆరంగ్ దగ్గరి తన ఊరినుంచి బియ్యం బస్తా తెచ్చుకుని, దాన్ని లిఫ్టు మూలకి ఆనించి, చెమట తుడుచుకుంటూ "ఘర్ కా చావల్ హై దీదీ, ఏక్‌దమ్ ముఫ్త్" అని నాతో అన్నాడు. ముఫ్త్, అంటే ఉచితం, అన్న మాట దగ్గర ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. కారు పెట్రోలు, పాడైన ఆదివారం, పట్టేసిన నడుం ఇవేవీ ఖర్చు కిందికి రావన్నమాట. నాకు ఒళ్ళు మండింది. ఆ మొహం నాకు కొత్త కాదు, చిన్నప్పుడు మా ఇంట్లో ఏడాదికి మూడుసార్లు చూసేదాన్ని.

మా నాన్న రైల్వేలో గుమాస్తా. పార్వతీపురం పక్క పల్లెలో పుట్టి, ఉద్యోగం కోసం రాయ్‌పూర్ వచ్చి, ఏళ్ళ తరబడి ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి దుకాణదారుణ్ణి మాత్రం ఒక్కరోజు కూడా నమ్మినవాడు కాదు. రైల్వేవాళ్ళకి ఏడాదికి మూడుసార్లు కుటుంబమంతా ఉచితంగా వెళ్ళి రావడానికి పాసులిస్తారు. బుద్ధున్నవాళ్ళు వాటితో తిరుపతికో, పెళ్ళిళ్ళకో, పిల్లలకి సముద్రం చూపించడానికో వెళ్తారు. మా కాలనీలోని తెలుగు మగాళ్ళు మాత్రం ఆ పాసులతో కిరాణా తెచ్చేవాళ్ళు. చలి తగ్గుతుండగా కొత్త కందిపప్పు, ఎండలు ముదిరాక చింతపండూ ఎండుమిరపకాయలూ, దసరా సెలవుల్లో పాత బియ్యం. రైలు ఛార్జీ లేదు కాబట్టి ఆదా చేసినదంతా లాభమేనని వాళ్ళ సిద్ధాంతం. ఆదివారం పొద్దున నీళ్ళ ట్యాంకు కింద చేరి, ఎవడు కిలోకి ఎంత తగ్గించి తెచ్చాడో ఒకరికొకరు చెప్పుకుని మీసాలు దువ్వుకునేవారు. ఆ మీసాలకి సంపెంగ నూనె ఒక్కటే తక్కువ.

రాయ్‌పూర్‌కి బియ్యం మోసుకురావడమంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పాలి. ఇది వరి పండే దేశం. ఊరు దాటితే ఏ దిక్కు చూసినా మళ్ళే, ఇక్కడివాళ్ళే దీన్ని ధాన్ కా కటోరా, అంటే వడ్ల గిన్నె, అని పిలుచుకుంటారు. ఇక చింతపండు సంగతి, బస్తర్ అడవులనుంచి లారీల కొద్దీ దిగి గుఢియారీ టోకు బజారులో గుట్టలు పోసి ఉండేది, దాని పుల్లటి వాసనకి రోడ్డు మీద నడిచేవాళ్ళకి నోరూరేది. ఆ గుట్టల పక్కనుంచే నాన్న ఖాళీ సంచులు చంకలో పెట్టుకుని స్టేషనుకి వెళ్ళి, రాత్రంతా రైల్లో కూర్చుని, ఒరిస్సా కొండలన్నీ దాటి, అచ్చం అలాంటి చింతపండునే ఇంకో జిల్లాలో కొనుక్కొచ్చేవాడు. పక్క క్వార్టర్లో ఉండే సాహూ ఆంటీ మా గుమ్మంలో దిగుతున్న బస్తాలు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ధాన్ కే ఘర్ మే చావల్ లాయే హో, భాయ్‌సాబ్?" అని, అంటే వడ్లున్న ఇంటికి బియ్యం తెచ్చారా అని, నవ్వేది. ఆవిడ వెక్కిరిస్తోందని నాన్నకి ఎప్పుడూ తట్టలేదు. ఈర్ష్య పడుతోందనుకునేవాడు.

నాకు ఊహ వచ్చాక ఈ యాత్రలకి నన్నూ వెంటబెట్టుకుపోయేవాడు. ప్రేమతో అనుకునేరు. పాస్‌లో పిల్లల పేరు ఉంటే వాళ్ళ వంతుకి కూడా కొంత సామాను తీసుకెళ్ళవచ్చు. "నీ పేరు మీద సగం బరువు వస్తాదమ్మీ, నువ్వొస్తే ఇంకో సంచీ ఎక్కువెట్టొచ్చు" అని మొహం మీదే చెప్పాడు. నేను దానికే పొంగిపోయాను. టిట్లాగఢ్‌లో ఆకు దొన్నెలో వేడి ఆలూచాప్, తెల్లవారుతుండగా రాయగడ దగ్గర కిటికీలోంచి కొట్టే చల్లగాలి, సొరంగంలో బండి దూరగానే పెట్టంతా ఒక్కసారి వేసే కేక, పార్వతీపురంలో దిగగానే చెవులనిండా తెలుగు, అదీ నాన్న మాట్లాడే తెలుగు. తిరుగు ప్రయాణంలో బెర్తు కింద మూడు బస్తాలు, కాళ్ళ దగ్గర రెండు, నా తలకింద మిరపకాయల సంచీ. రాయ్‌పూర్ వచ్చేసరికి కళ్ళు మండి, ముక్కు కారి, నాన్నకి విలువైన సామానుగా ఇంటికి చేరేదాన్ని.

అసలు కష్టం అప్పుడు మొదలయ్యేది, అది అమ్మది. మా క్వార్టర్లో రెండు గదులు, అందులో ఒకటి బస్తాలది. వాటి మీద దుప్పటి పరిచి నేనూ తమ్ముడూ పడుకునేవాళ్ళం, దిగి ఎక్కి కొండలాట ఆడేవాళ్ళం, వానాకాలం వచ్చిందంటే బియ్యంలోంచి బయటికొచ్చే ముక్కపురుగుల్ని సిమెంటు గచ్చు మీద వరసగా పెట్టి ఏది ముందు గోడ చేరుతుందో పందెం కాసేవాళ్ళం. అమ్మ ఎండ కాసిన ప్రతి మధ్యాహ్నం ఆ బియ్యాన్ని పాత చీరల మీద ఆరబోసేది, జల్లించేది, చెరిగేది, వేపాకు కలిపేది, చింతపండులో గింజలు తీసి ఉప్పు రాసి ముద్దలు కట్టేది. కందిపప్పుకి ఆముదం రాసి రాసి ఆవిడ గోళ్ళు ఎప్పుడూ పసుపురంగులో ఉండేవి. వినాయకచవితికి ఉండ్రాళ్ళు వండితే గోనె కంపు కొట్టేవి. అదే సమయానికి సాహూ ఆంటీ, ఆ వారం సంతలో కొన్న బియ్యప్పిండితో ఆవిరిమీద ఉడికించిన ఫరా మాకు గిన్నెలో పంపేది. దూదిలా ఉండేవి. మేము ఆ గిన్నె నాకి, మా ఉండ్రాళ్ళు ఆవుకి పెట్టేవాళ్ళం. చచ్చిన పురుగులూ, సెలవులూ, స్టేషనునుంచి రిక్షాకి ఇచ్చిందీ, అమ్మ మధ్యాహ్నాలూ అన్నీ పోగా మిగిలిందేమిటని ఆ ఇంట్లో అడిగినవాళ్ళు లేరు.

నాన్న మంచివాడని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తాగలేదు, పేకాడలేదు, తన కోసం ఒక మంచి చొక్కా కుట్టించుకోలేదు, ఆ బస్తాలన్నీ సొంత భుజం మీదే మోశాడు, ఇప్పుడా చెయ్యి పైకెత్తలేడు. అన్నీ నిజాలే. ఇంటికోసమే చేశాడని అంటారు. ఆ ఇంట్లో ఉన్న మనిషికి ఏం కావాలో ఒక్కసారైనా అడగని వాణ్ణి ఇంటికోసం బతికాడని ఎలా అనాలో నాకు తెలియదు.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడాది మొదటి పాస్ పప్పుకీ, రెండోది చింతపండుకీ అయిపోయాయి. మూడోది ఉంచమని అమ్మ అడిగింది. సోంపేటలో ఉన్న మా అమ్మమ్మకి ఆయాసం, చలికాలం వచ్చిందంటే మంచం దిగలేదు. "ఈ చలికి మాయమ్మని సూసొస్తానండి, ఈ ఒక్క పాసూ నాకు ఉంచండి" అని వినాయకచవితి నాటినుంచీ చెబుతూనే ఉంది. నాన్న తలూపాడు కూడా. దసరా సెలవులొచ్చాయి. రైలెక్కాలని, ఆలూచాప్ తినాలని, నేను రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చాను. నాన్నకి అంతకన్నా సాకు అక్కర్లేకపోయింది. పిల్ల ఏడుస్తోందని నా పేరు చెప్పి పాస్ రాయించాడు, నాలుగు బస్తాల పాత బియ్యంతో తిరిగొచ్చాం. అమ్మ గుమ్మంలో నిలబడి బస్తాల్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను తిన్నవన్నీ వరసగా చెప్పాను.

డిసెంబరు మొదటి వారంలో సాహూ ఆంటీ వాళ్ళ ఫోనుకి కబురొచ్చింది, అమ్మమ్మకి బాగాలేదు, అమ్మని పేరు పెట్టి పిలుస్తోంది, రమ్మని. అమ్మ పరిగెత్తుకొచ్చి చెబితే నాన్న కేలెండరు చూశాడు.

"నాలుగు వారాలు ఓపిక పట్టు. జనవరి ఒకటికి కొత్త పాసులొస్తాయి కాదేటి? అందరం ఎల్దాం."

"అంతవరకూ ఉంటాదేటండీ మాయమ్మ?"

"ప్రతి చలికాలం ఇదే మాట గదా. ఊరకే టిక్కెట్టు కొని తగలేయడమెందుకు?"

మూడోవంతు డబ్బు కడితే టిక్కెట్టిచ్చే కాగితాలు కూడా రైల్వేవాళ్ళకి ఉంటాయి. సాహూ ఆంటీ భర్త కూడా రైల్వేయే, ఆయనే వచ్చి గుర్తు చేశాడు. నాన్న దృష్టిలో మూడోవంతు కట్టడమంటే మూడోవంతు ఓడిపోవడం. రైల్వేలో ఉండి టిక్కెట్టు కొన్నాడని ట్యాంకు కింద నవ్వుతారని ఆయన భయం. అమ్మ చేతిలో అప్పుడు కూరగాయలకిచ్చిన చిల్లర తప్ప డబ్బు ఉండేది కాదు. ఆవిడ మూడు వారాలు బియ్యం ఏరింది. ఫోను మోగిన చప్పుడు గోడవతలనుంచి వినబడితే చేట పక్కన పెట్టి లేచి నిలబడేది.

అమ్మమ్మ డిసెంబరు చివరి వారంలో పోయింది. కబురు విని అమ్మ వంటింటి గడప మీద కూలబడితే, నాన్న ఆవిడ తల మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అన్నాడు. "ఎలాగూ దహనానికి అందలేం. పెద్దకర్మకి ఎల్దాం. అప్పటికి పాసొచ్చేస్తాది." ఆయన లెక్క తప్పలేదు. పాస్ వచ్చింది, పెద్దకర్మకి అందరం వెళ్ళాం. అమ్మమ్మ మంచం అప్పటికే కడిగి ఎండలో నిలబెట్టారు. తిరుగు ప్రయాణంలో నాన్న పార్వతీపురంలో మమ్మల్ని దింపి, ఇంత దూరం వచ్చాం కదా అని, కొత్త కందిపప్పు బస్తా ఒకటి ఎక్కించాడు. అమ్మ రాయ్‌పూర్ దాకా దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది, ఇంకెక్కడా చోటు లేదు. మర్నాడు ఆ పప్పే వండింది. చాలా బాగుంది. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు, కూల్చేసి మేడలు కట్టారు. నీళ్ళ ట్యాంకు పోయింది. దాని కింద కూర్చున్నవాళ్ళలో సగంమంది పోయారు. చేట పట్టుకోవడం మా అమ్మాయికి రాదు, ముక్కపురుగుని చూస్తే కేక వేస్తుంది. పాసులు ఫోన్లోకి వచ్చేశాయి. పప్పూ బియ్యం నేనూ ఫోన్లోనే తెప్పిస్తాను, సంచీ గుమ్మంలో పెట్టగానే ఈసారి మీరింత ఆదా చేశారని అది నన్ను మెచ్చుకుంటుంది. అమ్మా, రిటైరైన నాన్నా మా ఫ్లాటులోనే ఉంటున్నారు. ఆ మెచ్చుకోలు నాన్నకి చదివి వినిపిస్తే ఆయన తృప్తిగా తలూపుతాడు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం విజయనగరంనుంచి ఫోనొచ్చింది. మా పిన్నిని, అంటే అమ్మ ఒక్కగానొక్క చెల్లెల్ని, గుండెనొప్పితో ఆసుపత్రిలో చేర్చారు. నాన్న వెంటనే "రిటైరైనోళ్ళకీ పాసుంది, రెండ్రోజులు ఆగితే..." అని మొదలుపెట్టాడు. నాకు పిచ్చి కోపం వచ్చింది. సిగ్గు లేదా నాన్నా అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆయన నోరు మూయించి, ఫోను తీసి నేనే టిక్కెట్లు వెతికాను. చూసి, ఎంతో తెలివిగా, "అమ్మా, ఇవాళ్టికి ఏసీలోనే ఉన్నాయి, రేటు మండిపోతోంది, ఎల్లుండైతే సగానికే బెర్తు దొరుకుతుంది" అన్నాను.

తలెత్తేసరికి అమ్మ చెప్పులు వేసుకుంటోంది. చేతిసంచీలో రెండు చీరలు, మందుల డబ్బా. "మీరిద్దరూ కూకుని లెక్కలేసుకోండమ్మా. నానెల్తన్నాను" అంది. కోపంగా కూడా అనలేదు. ఆటో దాకా పరిగెత్తాను, స్టేషను దాకా వెళ్ళాను, టిక్కెట్టు నేను కొంటానని బతిమాలాను. అమ్మ వరసలో నిలబడి తన డబ్బుతో జనరల్ టిక్కెట్టు కొనుక్కుని, మోకాళ్ళ నొప్పులతో ఆ జనంలోకి ఎక్కింది. కిటికీ దగ్గరికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రినుంచి ఫోను చేసింది. "మాటాడిందే, నన్ను గుర్తుపట్టింది. ఈసారి అందాను" అని, అంతవరకే చెప్పి ఏడ్చింది.  పక్క కుర్చీలోంచి నాన్న ముందుకి వంగి, "జనరల్ టిక్కెట్టు ఎంతయిందంటాది?" అని అడిగాడు.

అదే ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చి ఉంది. ఆయన నాకన్నా ముందు అడిగాడు, అంతే.