మిల్లు మోత ఆగిన మధ్యాహ్నం

మాది తుంగతుర్తి. చమురు బావులు తవ్వే రిగ్గు మీద నేను పంపు మెకానిక్‌ని. తవ్వుతున్నంతసేపూ బావిలోకి బురద నీళ్లు తోసే పంపు అది. ఆగితే డ్రిల్లు లోపలే ఇరుక్కుపోతుంది. అరిగిన పిస్టన్ రబ్బర్లు, వాల్వులు మార్చీ మార్చీ ఒళ్లు హూనమై, మొన్న వేసవిలో సెలవు పెట్టి మిర్యాలగూడలో అత్తగారింటికి వచ్చాను. పక్కనే రైస్ మిల్లు. ఆ మోత వింటూ, భోజనం కూడా చేయకుండానే పడి నిద్రపోయాను.

ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. అంతే! నిద్రమత్తులో రిగ్గు మీదే ఉన్నాననుకుని, లుంగీ బనియన్ మీదే మిల్లులోకి పరుగెత్తి, "పంపు ఆగింది! రెండోది ఆన్ చెయ్యుండ్రి!" అని అరిచాను. అన్నం గిన్నెల ముందు కూర్చున్న హమాలీలు నోళ్లు తెరిచి చూసి, ఘొల్లున నవ్వారు. నా వెనకే, నా చొక్కా చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మామగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఏం ఖరాబ్ కాలే బిడ్డా. బువ్వ తినేటందుకు బంద్ జేసినం. నువ్వు తిన్నవా?" అన్నాడు.

ఇన్నేళ్లుగా పంపు ఆగినప్పుడల్లా అన్నం వదిలేసి లేచిన వాణ్ని. మనుషులు తినడానికి మిషన్ ఆగడం ఆ రోజే చూశాను. ఆయన పక్కనే కూలబడి, పెట్టిన ముద్ద తిన్నాను. మిల్లు మళ్లీ మొదలయ్యేదాకా అక్కణ్నుంచి లేవలేదు.