పై ఇంటి బాట

ఎచిగో కొండల్లో మంచు కురిసిన తెల్లవారి పై ఇంటివాళ్ళు గడ్డిబూట్లతో మంచు తొక్కి, కింది ఇంటి గుమ్మం దాకా బాట వేయాలి. హత్సునో ముసలమ్మకు ఆ బాట వేసే పై ఇంటి కినుయే నిరుడు చనిపోయింది. ఇప్పుడు హత్సునోయే పెరటి వెనకగా మోకాలిలోతు మంచులో పైకెక్కి, తాళం పడ్డ ఆ గుమ్మం నుంచి తన గుమ్మానికి తొక్కుకుంటూ దిగి వస్తుంది. వచ్చి, తన తలుపు తానే తట్టుకుని లోపలికి పోతుంది.

ఒకనాడు పోస్టుమాన్ అడిగాడు. “పొద్దున్నే చుట్టాలొచ్చినట్టున్నారే మామ్మా?”

“చుట్టాలెవరయ్యా, పై ఇంటిదే. టీ తాగి ఇప్పుడే వెళ్ళింది. దానికెప్పుడూ తొందరే.”

అతను బాటకేసి చూశాడు. అడుగులన్నీ దిగివచ్చినవే, తిరిగి ఎక్కినది ఒక్కటీ లేదు. “సరే మామ్మా” అని, అటు ఇవ్వాల్సిన ఉత్తరాలేవీ లేకపోయినా, ఆ అడుగుల పక్కనే పైకి అడుగులు వేసుకుంటూ పై ఇంటి దాకా నడిచి వెళ్ళాడు.