ఎటు తిరిగినా ఉత్తరమే

ఇరవై రెండేళ్ల వయసులో నాకు దారి అడగడమంటే పరమ నామోషీ. ఆ రోజుల్లో, అంటే అరవైలలో, నల్గొండలో ఒక సర్కారు సర్వే ఆఫీసులో పటాలు గీసే టెంపరరీ నౌకరి నాది. ఎడారిలో జీపులు నడిపేవాళ్ల గురించి లైబ్రరీలో ఒక పాత ఇంగ్లీషు పత్రికలో చదివాను. నల్ల కళ్లద్దాలు, వైర్‌లెస్ సెట్టు, దిక్సూచి! వాళ్లు ఎవరినీ దారి అడిగినట్టు అందులో లేదు (ఇసుకలో అడగడానికి మనుషులుండరన్న సంగతి నాకు తట్టలేదు). అప్పటినుంచి దేవరకొండ వైపు చెలకలు, రాళ్లగుట్టలు నా కంటికి ఎడారిలాగే కనిపించసాగాయి.

వానలు మొహం చాటేసిన ఆ ఏడు, రోడ్డు లేని ఒక ఊళ్లో సర్కారు బావి తవ్వించాలనుకున్నారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మా పెద్దసారు ముందురోజే అక్కడికి వెళ్తూ, "పటం తీసుకుని రేపు పన్నెండింటికల్లా రావయ్యా. జీపులోకి కావలసిన సామాను నువ్వే చూసుకో. ఈ పని సవ్యంగా చేస్తే నీ ఉద్యోగం పర్మినెంటు చెయ్యమని రాస్తాను" అన్నారు. మగ్గం నేసే మా బాపు అప్పటికే మొక్కుకుని ఉన్నాడు, "కొడుకు నౌకరి పక్కా అయితే నడుసుకుంట గుట్టకొస్త, నర్సిమ్మసామీ" అని.

ఆఫీసు స్టోరులో చిన్న ట్రాన్సిస్టరు, పెద్ద బ్యాటరీ రేడియో రెండూ ఉన్నాయి. నేను పెద్దదే తీశాను. "గిదెందుకు బేటా, దీంట్ల మనం మాట్లాడరాదు గద?" అన్నాడు జీపు నడిపే డ్రైవర్ చాచా. వాతావరణ వార్తలకని చెప్పాను. దిక్సూచుల్లోనూ జేబులో పట్టేది వదిలేసి సాసరంత దాన్ని ఎంచుకున్నాను. దాన్నెక్కడ పెట్టాలి? రేడియో నెత్తి బల్లలా చదునుగా ఉంది. రేడియోను జీపులో ముందు బిగించి, దిక్సూచిని దానిమీద పెట్టి, జీపును మా ఇంటి ముందు ఆపించి, కదలకుండా కట్టమని బాపునడిగాను. పడుగు నూలు పేనిన తాడుతో నాలుగు వరసలు చుట్టి, మగ్గం మీద వేసే ముడి వేశాడు. "ఇగ జీపన్న ఊడాలె గని, గిది ఊడది" అన్నాడు గర్వంగా.

పొద్దున్నే బయలుదేరాం. తోవ వదిలి చెలకల్లో పడగానే నేను దిక్సూచి మీద కళ్లు పెట్టాను. మేం వెళ్లాల్సిన ఊరు అక్కడినుంచి సరిగ్గా ఉత్తరాన ఉంది, ముల్లు సరిగ్గా జీపు ముక్కు వైపు చూపిస్తోంది. గుట్ట అడ్డమొస్తే ఎడమకు తిరిగాం, ఉత్తరమే. వాగు అడ్డమొస్తే కుడికి తిరిగాం, అప్పుడూ ఉత్తరమే. చాచా పనితనానికి ముచ్చటేసి మెచ్చుకున్నాను కూడా. ఆయన మాత్రం, "జర ఆగు బేటా, ఇందాక పొద్దు కుడిదిక్కుండె, ఇప్పుడు ఎడమదిక్కుంది. ఉత్తరం గిటెట్లయితది?" అని గొణిగాడు. "పొద్దు కదులుతుంటది చాచా, ముల్లు కదలది" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే చెంపలు వేసుకుంటాను.

ఒక తుమ్మచెట్టు కింద గొంగడి కప్పుకున్న ముసలి కురుమ తాత గొర్లు కాస్తున్నాడు. మొదటిసారి ఆయన్ని దాటినప్పుడు నేను తల కూడా తిప్పలేదు. గంట తర్వాత మళ్లీ అదే తాత, అదే చెట్టు. మూడోసారి ఆయనే కర్ర అడ్డం పెట్టాడు.

"ఏమన్న పోగొట్టుకున్నరా సారూ? పొద్దటిసంది గీన్నే దేవులాడుతున్నరు."

చాచా ఊరి పేరు చెప్పాడు. తాత నవ్వలేదు, అదే నాకు మరీ సిగ్గనిపించింది. "మా గొర్లు గా ఊరి చెలిమలకే నీళ్లకు పోతయి. ఎనుక రాండ్రి. హారన్ గొట్టకుండ్రి, బెదుర్తయి."

అలా ముందు నూట యాభై గొర్లు, వెనక సర్కారు జీపు, అందులో వాతావరణ వార్తలు. రెండు గంటలకు ఊరు చేరాం. ఊరివాళ్లు జొన్నరొట్టెలు పెట్టి ఆపబట్టి పెద్దసారు ఇంకా అక్కడే ఉన్నారు. "బండి సతాయించింది సాబ్" అని చాచా నన్ను కాయబోయాడు. నాకు బాపు మొక్కు గుర్తొచ్చింది. అయినా బండి మీదా, దాన్ని చూసుకునే చాచా మీదా తప్పు వేయడానికి మనసొప్పలేదు.

"లేదు సార్. తప్పు నాదే. దారి అడగలేదు" అన్నాను.

పెద్దసారు జీపులోకి తొంగి చూసి, "రేడియో కడుపులో ఇంత అయస్కాంతం ఉంటుందయ్యా! దాని నెత్తిన దిక్సూచి కట్టావా?" అంటూ తాడు విప్పబోయారు. బాపు ముడి ఆయన తరమా? కత్తి తెచ్చి కోశారు. పక్కకు తీయగానే ముల్లు గిర్రున తిరిగి, మేమొచ్చిన వైపు చూపించింది. అంటే ఊరు దాటిపోయి, ఉత్తరం నుంచి వెనక్కి వచ్చామన్నమాట! ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

రెండు నెలలకు నౌకరి పక్కా అయింది. నిజం చెప్పినందుకే అని చాచా అనేవాడు. నవ్వుకోవడానికి ఆఫీసులో ఒకడు ఉండాలని ఉంచుకున్నారని నా అనుమానం. మొక్కు తీర్చడానికి బాపుతో నేనూ గుట్టకు నడిచాను. బాపు ప్రతి ఊళ్లోనూ ఆగి దారి అడిగేవాడు. ఒకచోట నీళ్లిచ్చారు, ఒకచోట సల్ల పోశారు. "నీకు తోవ ఎరుకే గద బాపూ, మల్లెందుకు అడుగుతున్నవ్?" అన్నాను.

"ఎరుకే బిడ్డా. అడుగుతే మనిషి కలుస్తడు గద."

ఇప్పుడు మా మనవడి కారులో ఫోను దారి చెప్తుంది. అయినా ఊరు రాగానే అద్దం దించి, కనబడ్డ మనిషినల్లా దారి అడుగుతాను. "తాతా, తెలుసు కదా!" అని వాడు విసుక్కుంటాడు. వాడికి ఇరవై రెండేళ్లు.