ఆపరేటరత్త విన్న మాటలు

ఆపరేటరత్త మొన్న శుక్రవారం తెల్లవారాక పోయింది. కర్నూలు నుంచి అమ్మ ఫోన్ చేసి "అత్త పాయ పాపా" అని మాత్రం అనగలిగింది. నేను హైదరాబాదులో బస్సెక్కి చేరేసరికి మధ్యాహ్నమైంది.

ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చొని ఊళ్ళకు ఊళ్ళను కలిపింది. ఆ పనంతా యంత్రాలకు పోయాక ఆమెను బిల్లుల కౌంటరుకు మార్చారు. "జీతమిచ్చి మూగదాన్ని చేసిరి" అనేది.

నేనూ, నాతో చదువుకున్న ఒకతనూ మా మేడమీద గదిలో సొంత పని మొదలుపెట్టిన రోజులవి. ఎక్కడివాళ్ళైనా కంప్యూటర్లో మా వెబ్ పేజీ తెరిస్తే పాఠం చెప్పేవారి బోర్డు కనిపించేది. మాట కోసం మాత్రం పక్కన వేరే ఫోను పెట్టుకోవాలి. ఆ మాటను కూడా ఇంటర్నెట్ మీదుగా అదే పేజీలోకి తేవాలని మా తంటాలు. కర్నూలు లెక్చరరు పాఠం తమ పిల్లలకు సరిగ్గా వినిపిస్తే తీసుకుంటామని కడపలో ఒక ట్యుటోరియల్ కాలేజీవాళ్ళు అన్నారు.

మొదటి పాఠం అయ్యాక వాళ్ళు పెదవి విరిచారు. "అర్థమైందా?" అని లెక్చరరు ఎన్నిసార్లు అడిగినా అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంకొక్కసారి చూస్తామన్నారు. అదీ పోతే మేము గదికి తాళం వేసుకోవాల్సిందే.

మజ్జిగ తెచ్చిన అత్త మా ముఖాలు చూసి, రికార్డు చేసిన పాఠం వినిపించమంది. హెడ్‌సెట్ పెట్టుకుని పావుగంట కళ్ళు మూసుకుంది.

"ఆ పిల్లోళ్ళు పలకతానే ఉండారు పాపా, సన్నగా మాటల తోకలు వినపడతాండాయి. మొదటి ముక్కను మీ మిషను మింగేస్తాండాది. మెల్లగా మాట్లాడితే మాటంతా మింగేస్తాండాది."

నిజమే. లైను మీద భారం తగ్గుతుందని, చిన్న శబ్దాలను పంపకుండా ఆపేలా రాసింది మేమే.

"అన్నీ పంపితే లైను మోయదత్తా" అన్నాడు నా మిత్రుడు.

అత్త హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఒకసారి పత్తికొండ లైన్లో ఏమీ వినపడలేదప్పా. ఉత్త లైననుకుని తీసేస్తి. అవతల ఒకామె ఏడస్తా ఉన్నిందంట, మాట పెగల్లేదంతే. మళ్ళీ కలిపేలోగా పోస్టాఫీసు నుంచి ఎల్లిపోయింది. ఏం చెప్పల్లనుకునిందో, యాడికి పోయిందో. ఇప్పటికీ తెలీదు నాకు."

మిత్రుడు కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. నాలుగు రోజులు మార్చి మార్చి రాశాం. అత్త కింద మా ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చొని, "ఊ", "లేదు", "ఊహూ" అని గొణుగుతూనే ఉంది, పైన మాకు అన్నీ వినపడేదాకా.

రెండోసారి లెక్చరరు మా గదిలోనే కూర్చొని పాఠం చెప్పారు. ఆయన అడగ్గానే కడప నుంచి ఒక ఆడపిల్ల గొంతు వణుకుతూ వచ్చింది. "సార్, నాకు అర్థం కాలేదు." ఆయన బోర్డు తుడిచి మొదటినుంచి మొదలుపెట్టారు. వెనక నిలబడిన అత్త నా భుజం గట్టిగా నొక్కింది.

రెండేళ్ళు నడిపాం. తర్వాత పెద్దపెద్ద కంపెనీలవి వచ్చాయి, మాది మూసేశాం. ఆ సంగతి అత్తకు చెప్పకుండానే నేను హైదరాబాదుకు ఉద్యోగానికి వెళ్ళిపోయాను. పోయిన ఉగాదికి వచ్చినప్పుడు అత్త మంచంలోనే ఉంది.

"మన పని యెట్లుండాది పాపా?"

"శానా బాగుండాదత్తా" అన్నాను.

ఆమె ముఖం నావైపు తిప్పింది. "సరే, అన్నం తినిపో" అంది. ఆ చెవులకు నా గొంతులోని అబద్ధం వినపడకుండా ఉంటుందా? నిజం చెప్పి ఉంటే ఇద్దరం కూర్చొని కాసేపు బాధపడేవాళ్ళం. అంతకంటే ఏమీ అయ్యేది కాదు. ఆ కాసేపు కూడా లేకుండా చేసుకున్నాను.

అత్త పోయిన ఆ శుక్రవారం తలకు పోసి, ఆమె కోడలు జుట్టు దువ్వింది. ఎప్పుడూ ఎగదువ్వి కప్పుకునేది కాబట్టి ఇన్నేళ్ళూ నేను చూడలేదు. నడినెత్తి మీదుగా ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా, వేలెడు వెడల్పున వెంట్రుకలే లేవు. ముప్పయ్యేళ్ళు ఎక్స్ఛేంజీ హెడ్‌సెట్ పట్టీ ఆనిన చోటు. కోడలి దువ్వెన అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత తడి జుట్టును చేత్తోనే మెల్లగా దాని మీదికి సర్దింది.